డిసెంబర్ కేకులు సరే, పిల్లలకు ఇళ్లు చూపిద్దాం మంత్రిగారూ

గౌరవనీయులైన తెలంగాణ మహిళా, శిశు సంక్షేమ శాఖ మంత్రిగారికి నమస్కారాలు.

డిసెంబర్ వస్తే హైదరాబాద్‌లోని అనాథాశ్రమాలకు మా క్రైస్తవ సంఘాల తాకిడి ఎక్కువ. బిరియానీ ప్యాకెట్లు, కేకు, దుప్పట్లు, రెండు పాటలు, ప్రార్థన, గ్రూప్ ఫొటో. జనవరిలో ఆ గేటు దగ్గర ఎవరూ కనపడరు. ఈ ఉత్సాహాన్ని పిల్లల్ని ఇళ్లకు చేర్చే పనికి మళ్లించడానికి మీ శాఖ సాయం అడుగుతున్నాను.

దిక్కులేని పిల్లలను, విధవరాండ్రను ఇబ్బందిలో పరామర్శించడమే నిష్కళంకమైన భక్తి అన్న యాకోబు పత్రికలోని మాట సండే స్కూల్లో బట్టీ పట్టి పెరిగినవాళ్లం మేం. అమ్మానాన్నలు పోయిన ఎస్తేరును మొర్దెకై పెంచుకున్న కథ మా పిల్లలందరికీ తెలుసు. అయినా మా పెద్దల కాలంలో క్రైస్తవులకు దత్తత చట్టమే లేదు. 1956 నాటి హిందూ దత్తత చట్టం మాకు వర్తించదు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద సంరక్షకులుగా ఉండటమే. పెంచిన బిడ్డకు ఆస్తి దక్కాలంటే వీలునామా రాయాల్సిందే. మతంతో పనిలేకుండా పిల్లల సంరక్షణ చూసే జువెనైల్ జస్టిస్ చట్టం, దానికి 2006లో వచ్చిన సవరణ ఆ అడ్డు తీసేశాయి. 2022 సెప్టెంబర్ నుంచి దత్తత ఉత్తర్వు కలెక్టరే ఇస్తున్నారు, కోర్టు చుట్టూ తిరగక్కర్లేదు. ఈ కబురు మా సంఘాల్లో చాలామందికి ఇంకా అందలేదు.

అందినవాళ్లేమో పసిపాపే కావాలంటారు. ఆ క్యూలో ఏళ్లు గడుస్తాయి. ఓపిక నశించినవాళ్లు దళారుల చేతిలో పడతారు. 2024లో మేడిపల్లిలో పసిపిల్లల్ని అమ్మే ముఠాను రాచకొండ పోలీసులు పట్టుకున్న సంగతి మీకు తెలిసిందే. అవతల ఆరేళ్లు దాటినవాళ్లు, అక్కాతమ్ముళ్లు, వైకల్యం ఉన్నవాళ్లు హోముల్లోనే పెద్దవుతున్నారు.

మా పాప ఏడేళ్లప్పుడు మా ఇంటికి వచ్చింది. అన్నం తిన్నాక కంచం తనే కడిగి మంచం కింద దాచుకునేది, హోమ్‌లో ఎవరి కంచం వాళ్లదే మరి. "ఇక్కడ గంట ఎన్నింటికి కొడతారు?" అని అడిగేది. పెద్దపిల్లలు కలవరని భయపడేవాళ్లకు నేను చెప్పేది ఇదే: కొన్నాళ్లు టెన్షన్ పడ్డాం, నిజమే. ఇప్పుడు ఫ్రిజ్ తలుపు వెయ్యవే అని రోజూ అరుస్తున్నాను.

దత్తతకు ముందు ఇల్లూ వాకిలీ చూసి విచారించే హోమ్ స్టడీకి మా ఇంటికి వచ్చినావిడ గోడ మీద బైబిల్ వాక్యం చూసి, "మతంలో కలుపుకోవడానికా?" అన్నారు. నాకు కోపం రాలేదు. అడగాల్సిందే. భక్తిపరులం కదా అని ఎవరైనా తనిఖీలు తగ్గించమంటే ఒప్పుకోకండి. క్రీస్తు పేరుతో బోర్డు పెట్టి, కన్నవాళ్లున్న పిల్లల్ని అనాథలుగా చూపించి చందాలు వసూలు చేసేవాళ్లు కనపడితే మూయించండి. పేదరికం వల్ల బిడ్డను హోమ్‌లో వదిలిన తల్లికి మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద నెలకు 4,000 రూపాయలు అందితే ఆ బిడ్డ తల్లి దగ్గరే ఉంటుంది. యాకోబు పిల్లలతో పాటు విధవరాండ్రనూ చెప్పింది ఊరికే కాదు.

దత్తతకు వెళ్లలేని పిల్లలకు ఫోస్టర్ కేర్ ఉంది, అంటే దత్తత కాకుండానే ఒక కుటుంబం బిడ్డను తమ ఇంట్లో పెట్టుకుని పెంచడం. 2024లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెళ్లి కానివాళ్లు, భర్త పోయినవాళ్లు కూడా ముందుకు రావచ్చు. రెండేళ్లు పెంచాక, ఆ బిడ్డకు చట్టపరమైన అడ్డు లేకపోతే దత్తత తీసుకునే వీలుంది. మా సంఘంలో పిల్లలు పెద్దవాళ్లై విదేశాలకు వెళ్లిపోగా, రెండు గదులు ఖాళీగా పెట్టుకుని కూర్చున్న ఆంటీలు ఎంతమందో. వాళ్లకు ఈ మాట తెలుగులో, ఆఫీసు భాషలో కాకుండా, చెప్పే మనిషి లేరు.

జిల్లా బాలల పరిరక్షణ అధికారులను ఆదివారాలు సంఘాలకు పంపండి. గుడికి, మసీదుకు పంపినా మాకు సంతోషమే. మా మెట్టుగూడ హాలు ఆరాధన అయ్యాక ఖాళీ. మైకు, ప్రొజెక్టర్, టీ మేం చూసుకుంటాం. దరఖాస్తు ఆన్‌లైన్‌లో నింపడం వచ్చిన ఒకరిని మాత్రం వెంట పంపండి.

ఇట్లు,
ఒక దత్తత తల్లి,
మెట్టుగూడ, సికింద్రాబాద్