సైతాను పేరు వేశారు, గురువు పేరు మరిచారు

సంపాదకుడు గారికి,

మీ ఆదివారం అనుబంధంలో రాబర్ట్ జాన్సన్ మీద, అదే అమెరికా నల్లజాతివాళ్ల బ్లూస్ సంగీతంలో పేరున్న ఆ గిటారిస్టు మీద, వచ్చిన వ్యాసం చదివాను. మిసిసిపిలో నాలుగు రోడ్ల కూడలిలో అర్ధరాత్రి సైతాను ఆయన గిటార్‌ని శ్రుతి చేసిచ్చి బదులుగా ఆత్మను రాయించుకున్నాడని వేశారు. కథ బాగుంది, కాదనను. కానీ ఆయనకి గిటార్ నేర్పిన మనిషి పేరు వ్యాసం మొత్తంలో ఒక్కచోట కూడా లేదు.

ఆ మనిషి ఐక్ జిమ్మర్‌మన్. మొదట్లో సన్ హౌస్ లాంటి పెద్ద బ్లూస్ గాయకులు వాయించడం కాస్త ఆపినప్పుడు జాన్సన్ గిటార్ అందుకుంటే జనం విసుక్కునేవారు. ఆ తర్వాత కొంతకాలం ఎటో వెళ్లిపోయి తిరిగొచ్చి వాయించేసరికి సన్ హౌసే నోరెళ్లబెట్టాడు. ఆ మధ్యలో ఉన్నది జిమ్మర్‌మన్ దగ్గర శిష్యరికం. రాత్రిళ్లు ఇద్దరూ శ్మశానానికి పోయి సమాధుల మీద కూర్చుని సాధన చేసేవారని జిమ్మర్‌మన్ కుటుంబం వాళ్లే చెప్పారు, అక్కడైతే ఎంతసేపు వాయించినా నిద్ర పాడైందని తిట్టేవాళ్లుండరు మరి! పైగా ఆ కూడలి బేరం టామీ జాన్సన్ అనే వేరే గాయకుడి గురించి ఆయన సోదరుడు లెడెల్ చెప్పిన కథ. ఇంటిపేరు ఒకటే కావడంతో ఈయనకీ తగిలించేశారు.

ఇటలీ వయొలిన్ విద్వాంసుడు పగనినీది ఇంకా ఘోరం. వియన్నాలో ఆయన వాయిస్తుంటే ఎర్రబట్టలు, కొమ్ములు, తోకతో సైతాను పక్కనే నిలబడి చెయ్యి నడిపించడం చూశానని ఒకాయన ప్రచారం చేశాడు. పాపం పగనినీ, 1831లో పారిస్‌లోని ఒక సంగీత పత్రికకి ఉత్తరం రాసి మరీ ఈ పుకార్లకి జవాబిచ్చుకోవాల్సి వచ్చింది (అప్పుడు కూడా సంపాదకులకి ఉత్తరాలు తప్పలేదన్నమాట). చిన్నప్పుడు సరిగ్గా సాధన చేయకపోతే తండ్రి తిండి కూడా పెట్టేవాడు కాదట, ఆ సంగతి ఎవరికి పట్టింది? 1840లో చనిపోతే చర్చి ఖననానికి కూడా ఒప్పుకోలేదు.

మహిమల కథలు వద్దని కాదు. ముత్తుస్వామి దీక్షితార్ నోట్లో తిరుత్తణిలో సుబ్రహ్మణ్యస్వామి పటికబెల్లం పెట్టాడని మనమూ చెప్పుకుంటాం. కానీ తండ్రి రామస్వామి దీక్షితార్ దగ్గర నేర్చుకున్న సంగతి, కాశీలో చిదంబరనాథ యోగికి శుశ్రూష చేసిన సంగతి కూడా అదే నోటితో చెబుతాం. దేవుడొచ్చాడు కదా అని గురువుని ఎవరూ తీసెయ్యలేదు. ఒక నల్లజాతి కుర్రాడు అద్భుతంగా వాయిస్తే మాత్రం కష్టపడి నేర్చుకున్నాడంటే ఎందుకు నమ్మబుద్ధి కాదో మరి.

ఈసారి జాన్సన్ మీద ఏదైనా వేస్తే సైతాను బొమ్మ వేసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. దాని కింద జిమ్మర్‌మన్ గురించి నాలుగు లైన్లు కూడా వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు