చిల్లు తొట్టి లెక్క, ఒక పెద్ద విమానం

ఒరేయ్ రాంబాబూ,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. ఆలస్యానికి ఏమీ అనుకోకు, అన్నీ నైట్ డ్యూటీలే. అమ్మకి మోకాలి నొప్పి తగ్గింది, పాప రెండో తరగతిలో చేరింది, ఇంటి ఓనరు అద్దె పెంచాడు. కబుర్లు ఇంతే.

అసలు సంగతికొస్తా. "ఇంజన్ పేలాక గంటా ముప్పావు గాల్లో తిరిగారు, ఆ పైలట్లకి భయం లేదా?" అని రాశావు చూడు, ఆస్ట్రేలియా వాళ్ల క్వాంటాస్ సంస్థ విమానం, ఫ్లైట్ నంబరు 32 గురించి. ఆ మాటకి జవాబు రాయకుండా ఉండలేకపోతున్నా.

2010 నవంబరు 4, సింగపూర్ నుంచి సిడ్నీకి ఎ380, అంటే ఎయిర్‌బస్ వాళ్ల రెండంతస్తుల పెద్ద విమానం, లోపల 469 మంది. పైకి లేచి ఐదు నిమిషాలన్నా కాలేదు, 7,000 అడుగుల దగ్గర రెండో ఇంజన్, అంటే ఎడమ రెక్కకి లోపలివైపుది, పేలింది. ఇంజన్ లోపల గిర్రున తిరిగే చక్రం, టర్బైన్ డిస్కు, దాని ముక్కలు రెక్కని చీల్చుకుపోయాయి. ట్యాంకులకి చిల్లులు, వైర్ల కట్టలు తెగడం, ద్రవం ఒత్తిడితో బ్రేకుల్లాంటివి పనిచేయించే హైడ్రాలిక్ సిస్టం ఒకటి పోవడం. అన్నీ ఒక్కసారే.

వెంటనే దింపేస్తే? ఆ విమానం దిగడానికి గరిష్ఠ బరువు 391 టన్నులు. దీని బరువు అంతకన్నా 40 టన్నుల పైనే ఎక్కువ. ఇంధనం పారబోసే ఏర్పాటు పనిచేయట్లేదు. బ్రేకులు ఎంత ఉన్నాయో, రెక్కల మీద ఏవి కదులుతాయో తెలియదు. అవి తెలుసుకోకుండా రన్‌వే మీద వాలితే చివర దాటి పోయేవాళ్లేమో. విమానం మాత్రం చేతికి లొంగుతోంది. అందుకే సింగపూర్ దగ్గరే చుట్లు కొడుతూ, కెప్టెన్ రిచర్డ్ డి క్రెస్పిన్యీ నడుపుతుంటే, ఫస్ట్ ఆఫీసర్ మాట్ హిక్స్ తెర మీది చెక్‌లిస్టులు చేసుకుంటూ పోయాడు. తెర మీద లోపం పేరు, దాని కింద చేయాల్సిన పనులు నీలం అక్షరాల్లో వస్తాయి. ఒకటి అవగానే ఇంకోటి. దానికే సుమారు 50 నిమిషాలు!

ఇక్కడే రా, నాకు ఒళ్లు గగుర్పొడిచింది. ఎడమ ట్యాంకులు కారిపోతూ రెండు రెక్కల బరువు సమంగా లేకుండా పోతోంది. ఇటునుంచి అటు ఇంధనం మార్చి సరిచేసుకోవడం మామూలు పద్ధతి. వీళ్లు మార్చలేదు. మన మాస్టారి చిల్లు తొట్టి లెక్క గుర్తుందా? "ముందు చిల్లు మూయండి సార్" అని నువ్వు లేచి నిలబడ్డావే, అదే ఇది. చిల్లున్న వైపుకి మంచి ఇంధనం ఎవడైనా పంపుతాడా? తెర చెప్పిందల్లా చేయకుండా, ప్రతి లైనూ చదివి, ఇప్పుడీ విమానానికి ఇది మంచిదేనా అని అడుగుతూ పోయారు. ఏవి పోయాయో లెక్కపెట్టడం మానేసి, ఏవి మిగిలాయో చూద్దామని కెప్టెన్ ఆలోచన తిప్పాడట.

తర్వాత రన్‌వే లెక్క. చాంగీలో, అంటే సింగపూర్ విమానాశ్రయంలో, 4,000 మీటర్లు. మొదటిసారి కంప్యూటర్ జవాబే ఇవ్వలేదు. చూస్తే, రన్‌వే తడిగా ఉందని పెట్టారు. పొడిగానే ఉంది కదా అని మార్చి వేస్తే, 139 మీటర్లు మిగులుతుందని చెప్పింది. చక్రాలు సొంత బరువుతో దిగేలా వదిలారు. ఎ380కి రివర్స్ థ్రస్ట్, అంటే ఇంజన్ గాలిని ముందుకి మళ్లించి వేగం తగ్గించే ఏర్పాటు, లోపలి రెండు ఇంజన్లకే, అందులో ఒకటి పేలిందే. మూడోదొక్కటే ఆధారం. రన్‌వే చివరికి సుమారు 150 మీటర్ల దూరంలో ఆగింది.

అయినా అయిపోలేదు. ఒకటో ఇంజన్, ఎడమ రెక్కకి బయటివైపుది, ఆగదే! కంట్రోల్ వైర్లు తెగిపోయాయి. ఎడమ రెక్క నుంచి ఇంధనం కారుతోంది, పక్కనే బ్రేకులు 900 డిగ్రీలు. స్లైడ్ల మీద, అంటే ప్రమాదంలో తలుపుల నుంచి జారి దిగే జారుడుబల్లల మీద, జనాన్ని తోసేస్తే, కాళ్లు విరిగినవాళ్లు ఆ ఇంధనంలోనే పడతారు, పక్కన తిరుగుతున్న ఇంజన్. లోపల మంట లేదు. అందుకే కూర్చోబెట్టారు. ఫైర్ వాళ్లు నురగ కొట్టారు. తర్వాత కుడివైపు ఒక్క తలుపుకే మెట్లు, ఒక్కొక్కరినీ లెక్కపెట్టి దింపడం. అవసరమైతే స్లైడ్లు తెరవడానికి మిగతా తలుపుల దగ్గర సిబ్బంది సిద్ధం. ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. ఆ ఒకటో ఇంజన్ ఆగడానికి మాత్రం విమానం దిగిన దగ్గర్నుంచి మూడు గంటలు పట్టింది.

ఇంతకీ మూలం ఏంటో తెలుసా? ఇంజన్ లోపల చిన్న ఆయిల్ గొట్టం. లోపలి రంధ్రం మధ్యలోకి కాకుండా పక్కకి పడింది, ఒకవైపు గోడ పలచబడింది, పగిలి ఆయిల్ కారి మంట. ఫ్యాక్టరీలో ఆ కొలత ఎలా తప్పిపోయిందో, అది తలుచుకుంటే మాత్రం... దాని గురించి ఇంకో ఉత్తరం రాయాలి, గొట్టం బొమ్మ కూడా గీస్తా.

డ్యూటీ బస్సు హారన్ కొడుతున్నాడు. ఉంటా.

నీ
శీను