పాత ప్యాకెట్ల మీదున్న వెబ్‌సైట్ ఇక మనది కాదు

మన విత్తనాల కొట్టుకు వచ్చేవాళ్ళకీ, ఫోన్‌లో ఆర్డర్ పెట్టి పార్శిల్ తెప్పించుకునేవాళ్ళకీ ముందుగా ఒక మాట. ఈ ఉగాదికి ముందు మా దగ్గర కొన్న ప్రతి ప్యాకెట్ వెనకాల, అన్నిటికన్నా కింది వరసలో, ఒక వెబ్‌సైట్ అడ్రస్ అచ్చయి ఉంటుంది. దయచేసి దాన్ని తెరవకండి. ఆ పేరు ఇప్పుడు మా చేతిలో లేదు. అక్కడ ఎవరు డబ్బు కట్టమన్నా, ఫోన్ నంబర్ ఇమ్మన్నా అది మేము కాదు. గింజల గురించి మాత్రం భయపడకండి. లాట్ నంబర్, ప్యాక్ చేసిన తేదీ, మొలక శాతం అన్నీ ప్యాకెట్ మీద ఉన్నవే సరైనవి. పోయింది అడ్రస్ ఒక్కటే.

అది ఎలా పోయిందో దాచకుండా చెబుతాను, ఎందుకంటే తప్పు నాది. ఆరేళ్ళ కిందట, నాగోల్‌లో ఈ చిన్న కొట్టు పెట్టిన కొత్తలో, తెలిసినవాళ్ళ ద్వారా ఒక అబ్బాయి వచ్చి సైట్ చేసిపెట్టాడు. డొమైన్ పేరు, అంటే సైట్ అడ్రస్‌గా వాడే పేరు కూడా తనే కొన్నాడు. నేను డబ్బిచ్చాను, రసీదు తీసుకున్నాను. కానీ ఆ పేరు ఎవరి పేరు మీద, ఏ మెయిల్ ఐడీ మీద రిజిస్టర్ అయిందో అడగలేదు. అతని పేరు మీదే అయింది. మళ్ళీ డబ్బు కట్టాల్సిన గడువు దగ్గరపడుతోందని వచ్చే మెయిల్స్ అన్నీ అతనికే వెళ్ళాయి. అతను ఊరు మారాడు, నంబర్ మార్చాడు. అతనికి చెడు ఉద్దేశం ఉందని నేను అనుకోవడం లేదు. నా కొట్టు పేరు నా పేరు మీద ఉందో లేదో చూసుకోవాల్సింది నేను.

మార్చిలో సైనిక్‌పురి నుంచి ఒకామె ఫోన్ చేసింది. "అక్కా, కాకర గింజలు ఎంత లోతు పెట్టాలో చూద్దామని మీ సైటు తెరిస్తే పేకాట బొమ్మలొస్తున్నయ్, గిదేంది?" అంది. నాకు కాళ్ళు చల్లబడ్డాయి. అప్పటిదాకా మా సొంత సైట్‌ను నేను రెండు నెలలుగా తెరవలేదు.

తరవాత తెలుసుకున్నాను, డాట్ కామ్ పేర్లు గడువు దాటగానే మాయం కావు. అమ్మిన కంపెనీ 45 రోజుల దాకా ఉంచుకోవచ్చు. ఆ తరవాత ఇంకో 30 రోజులు అదనపు ఫీజు కట్టి వెనక్కి తెచ్చుకునే వీలుంటుంది. అదీ దాటాక 5 రోజులకు పేరు బజారున పడుతుంది, ఎవరైనా కొనుక్కోవచ్చు. పాత పేర్లకు రాకపోకలు ఉంటాయి కాబట్టి వాటి కోసమే కాచుకుని కూర్చునేవాళ్ళు ఉన్నారట. మాకు తెలిసేసరికి అన్ని గడువులూ అయిపోయాయి.

ఫిర్యాదు చేయకూడదా అని చాలామంది అడిగారు. 1999 నుంచి దానికి ఒక అంతర్జాతీయ పద్ధతి ఉంది. అందులో మూడూ రుజువు చేయాలి: ఆ పేరు మన ట్రేడ్‌మార్క్‌ను పోలి ఉందని, అవతలివాళ్ళకు దాని మీద హక్కు లేదని, దురుద్దేశంతోనే కొని వాడుతున్నారని. మాకు ట్రేడ్‌మార్కే లేదు. పైగా ప్రపంచ మేధో సంపత్తి సంస్థ దగ్గర ఒక్క న్యాయనిర్ణేతతో విచారణకు 1,500 డాలర్లు. ఆ డబ్బుతో ఈ వానాకాలానికి సరిపడా బీర, సొర విత్తనాలు తెప్పించవచ్చు. వదిలేశాను.

మరి కొత్త పేరు ఎందుకు, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ చాలవా అని మావారే అన్నారు. ఆర్డర్లకు చాలు. కానీ ఏ కార్తెలో ఏం విత్తాలి, పొట్ల పందిరి ఎప్పుడు వేయాలి, వేపపిండి ఎంత కలపాలి అని ఇన్నేళ్ళూ రాసిపెట్టిన సంగతులకు మన సొంత చోటు ఒకటి ఉండాలి. ఆ సంస్థలు రేపు పద్ధతులు మార్చుకుంటే మనం చేయగలిగిందేమీ లేదు. సొంత డొమైన్ ఉంటే వెనకాల సైట్ ఎవరి దగ్గర పెట్టినా, ఎన్నిసార్లు మార్చినా ప్యాకెట్ మీద అచ్చయిన అడ్రస్ మారదు.

పేరు ఎంచుకోవడానికి నెల రోజులు పట్టింది. అంత ఎందుకు పట్టిందో చెప్పాలి.

పాత పేరులో "విత్తనాలు" అనే మాట ఉండేది. తెలుగులో చూస్తే అంతకన్నా తేటగా ఏముంటుంది? కానీ ఇంగ్లిష్‌లో రాసే డొమైన్ పేరులో అక్షరాలు, అంకెలు, మధ్యలో అడ్డగీత, ఇవే కదా పెట్టగలం. మన 56 అక్షరాలను 26లో సర్దాలి. ఒక శనివారం కౌంటర్ దగ్గర కొనడానికి వచ్చిన ఇరవైమందిని "విత్తనాలు అని ఇంగ్లిష్‌లో టైప్ చేయండమ్మా" అని అడిగాను. ఏడు రకాలుగా కొట్టారు. త్తకు ఒకరు రెండు టీలు, ఒకరు టీ హెచ్, ఒకరు రెండు టీలూ ఒక హెచ్చూ. "నా" అనే అక్షరానికి కొందరు ఒక ఏ, కొందరు రెండు. ఆరేళ్ళుగా ఫోన్‌లో అడ్రస్ చెబుతుంటే ఎంతమంది ఎక్కడెక్కడికో వెళ్ళి తిరిగిపోయారో అని అప్పుడు బాధేసింది. వాళ్ళలో ఎవరూ తప్పు రాయలేదు. మనం త కు టీ అని రాస్తాం, టీ హెచ్ అనీ రాస్తాం. ట కు కూడా టీయే. తోట అన్న మాటను ఇద్దరు రెండు రకాలుగా రాస్తే ఇద్దరూ సరిగానే రాసినట్టు.

అందుకని తిరగేసి ఆలోచించాను. ముందు అందమైన పేరు అనుకుని తరవాత స్పెల్లింగ్ కోసం తంటాలు పడే బదులు, స్పెల్లింగ్‌లో తేడా రాని అక్షరాలు ఏవో చూసుకుని వాటితో పేరు కట్టాలి. మ, న, ర, ల, గ, బ, ఇవి ఎవరు రాసినా ఒకేలా వస్తాయి. త, ద, వ వద్దు. వత్తులు వద్దు. దీర్ఘాలు వద్దు. ఈ జల్లెడలో మిద్దెతోట పోయింది, విత్తు పోయింది, పాదు పోయింది. నారుమడి మీద నాకు చాలా మనసు ఉండేది. అదీ పోయింది. నా కు ఒక ఏ పెట్టాలా రెండు పెట్టాలా అని మా ఇంట్లో ముగ్గురమే ఒప్పుకోలేకపోయాం.

మా ఆడపడుచు "బీరపాదు" అంది. పలకడానికి ఎంతో బాగుంది. కానీ డొమైన్ పేరులో మాటల మధ్య ఖాళీ ఉండదు. అన్నీ కలిపి రాస్తే మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలను బీర్ అని చదివి ఇది మందు షాపా అనుకుంటారు. రెండు మాటలు కలిపి పేరు పెట్టుకునేవాళ్ళు తప్పకుండా ఒకసారి చిన్న అక్షరాల్లో, ఖాళీ లేకుండా రాసి, తెలియనివాళ్ళ చేత చదివించండి. మధ్యలో అడ్డగీత పెడితే సరిపోదా అంటారు. ఫోన్‌లో చెప్పి చూడండి. డ్యాష్ అంటే ఒకరు, హైఫన్ అంటే ఒకరు అడుగున గీత కొడతారు, డొమైన్ పేరులో అడుగు గీత చెల్లదు. అంకె పెడితే రెండు అంటే అంకెలో రెండా అక్షరాల్లో టూనా అని మళ్ళీ ప్రశ్న.

నాగోల్ పేరు కలుపుదామా అనుకున్నాం. ఆ ఊరిపేరు చివర ఇంగ్లిష్ "ఈ" అక్షరం పెట్టేవాళ్ళూ ఉన్నారు, పెట్టనివాళ్ళూ ఉన్నారు. పైగా మన పార్శిళ్ళలో ఎక్కువ మియాపూర్ వైపు, కొన్ని వరంగల్, ఖమ్మం దాకా పోతున్నాయి. అద్దె కొట్టు కూడా. రేపు ఓనర్ ఖాళీ చేయమంటే పేరు ఒకచోట, కొట్టు ఒకచోట అవుతుంది.

చివరికి మిగిలింది "మనమడి". ఆకుకూరల మడి, నారు పోసే మడి, మిద్దె మీద ఇటుకలు పేర్చి కట్టుకున్న మడి, అన్నీ అందులో ఉన్నాయి. ఎం, ఏ, ఎన్, ఏ, ఎం, ఏ, డి, ఐ. ఎనిమిది అక్షరాలు. మళ్ళీ శనివారం, మళ్ళీ ఇరవైమంది. ఈసారి చేతికి కాగితం ఇవ్వలేదు, నోటితోనే చెప్పాను, అదీ రోడ్డు మీద బస్సులు పోతుంటే. పద్దెనిమిది మంది ఒకేలా కొట్టారు. ఇద్దరు డి తరవాత హెచ్ పెట్టారు. ఎందుకని అడిగితే, "మన మది" అని విన్నారట, మనసు అనుకున్నారట. అదీ మంచి మాటే కాబట్టి హెచ్ ఉన్న పేరు కూడా కొన్నాం. అటు వెళ్ళినా ఇటే వస్తారు.

ఒక పెద్దాయన, మొదటినుంచీ మన దగ్గరే తోటకూర గింజలు తీసుకునే ఆయన, "మడి అంటే మడికట్టుకోవడం అనుకుంటారమ్మా, అందరినీ రానిస్తారో లేదో అనుకుంటారు" అన్నారు. దాని మీద రెండు రోజులు ఆలోచించాను. ఆయన భయం నిజమైనదే, ఆ మాటకు ఆ అర్థం ఉంది. కానీ ముందు "మన" ఉంది. పొలం పనిచేసిన ఇళ్ళలో మడి అంటే మొదట గుర్తొచ్చేది నేలే. మా అమ్మ నాట్లకు వెళ్ళిన మడి నాకు గుర్తొస్తుంది. ఉంచేశాను.

చివరన డాట్ ఇన్ తీసుకున్నాం. మొదట నచ్చిన రెండు మూడు పేర్లకు డాట్ కామ్ ఎవరో కొని ఖాళీగా పెట్టి అమ్మకానికి బోర్డు కట్టారు, వాళ్ళు అడిగే ధర మన కొట్టు అద్దె లెక్కల్లోకి రాదు. డాట్ ఇన్ మన దేశానిదే. 2005 నుంచి ఎవరైనా కొనుక్కునేలా తెరిచారు. నిక్సీ అనే సంస్థ చూస్తుంది. అలవాటుగా డాట్ కామ్ అని కొట్టేస్తారేమోనని ఫోన్‌లో అడ్రస్ చెప్పేటప్పుడు మేము "ఇన్" అని రెండుసార్లు చెబుతాం, విసుక్కోకండి.

తెలుగు అక్షరాల్లోనే అడ్రస్ పెట్టలేమా అని కూడా చూశాను. పెట్టవచ్చు, చివరన "డాట్ భారత్" అని తెలుగులోనే రాసే డొమైన్ ఉంది. చూస్తే కళ్ళకు ఎంత హాయిగా ఉందో. ప్యాకెట్ మీద అదే పెద్దగా వేయాలనుకున్నాను. కానీ కంప్యూటర్లు లోపల దాన్ని ఎక్స్ ఎన్ అని మొదలయ్యే ఇంగ్లిష్ అక్షరాల గొలుసుగా మార్చుకుంటాయి. కొన్ని యాప్‌లలో లింక్ పంపితే ఆ గొలుసే కనిపిస్తుంది, చూసినవాళ్ళు మోసం లింక్ అనుకుని తెరవరు. ఇప్పుడున్న పరిస్థితిలో ఆ అనుమానం నాకు వద్దు. ఫోన్‌లో తెలుగు కీబోర్డ్ లేనివాళ్ళూ ఉన్నారు. అయినా కొన్నాను. తెలుగు అడ్రస్ తెరిస్తే డాట్ ఇన్‌కు వెళుతుంది. స్పెల్లింగ్ గొడవే లేని అడ్రస్ అదొక్కటే. కీబోర్డులు అందరికీ వచ్చాక అదే ముందుకు తెస్తాను.

ఈసారి కొనేముందు ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో వెతికాను. అక్కడ అక్షరాలతోనే కాక శబ్దాన్ని బట్టి కూడా వెతికే వీలుంది, మనలాంటి పేర్లకు అదే చూడాలి. విత్తనాలు, మొక్కలు 31వ క్లాస్ (సరుకుల వర్గం) కిందికి వస్తాయి. మన తెలంగాణ దరఖాస్తులు చెన్నై ఆఫీసు చూస్తుంది. చిన్న వ్యాపారానికి ఆన్‌లైన్‌లో ఒక క్లాస్‌కు ఫీజు 4,500 రూపాయలు. దరఖాస్తు పెట్టాను. రిజిస్టర్ అయితే పదేళ్ళు ఉంటుంది.

డొమైన్ ఈసారి నా పేరు మీద, నా నంబర్ మీద ఉంది. ఐదేళ్ళకు కట్టేశాను. మొదటి ఏడాది ధర పెద్ద అక్షరాల్లో తక్కువగా చూపించి, రెండో ఏడాది నుంచి ఎక్కువ తీసుకునేవాళ్ళు ఉన్నారు. కాబట్టి రెన్యువల్ ధర, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి లెక్కేసుకున్నాను. ఇంకో సంగతి, నాకు చివరి నిమిషంలో తట్టింది. ఆ ఖాతాకు ఇచ్చిన మెయిల్ ఐడీ అదే డొమైన్ మీద ఉండకూడదు. పేరు ఆగిపోతే ఆ మెయిల్ కూడా ఆగిపోతుంది, హెచ్చరికే చేరదు. వేరే మెయిల్ ఇచ్చాను. గడువు తేదీ కొట్టు గోడ మీద క్యాలెండర్ పక్కన రాసి ఉంది, మా ఆడపడుచు దగ్గర కూడా ఉంది. ప్యాకెట్ మీది క్యూఆర్ కోడ్ కూడా నేరుగా మన అడ్రస్‌కే వెళుతుంది, మధ్యలో వేరేవాళ్ళ పొట్టి లింక్ ఏదీ లేదు.

పాత అడ్రస్‌లో ఫోన్ నంబర్ ఇచ్చామని ఇద్దరు చెప్పారు. ఆ ఇద్దరికీ తెలియని నంబర్ల నుంచి ఫోన్లు వస్తున్నాయి. డబ్బు పోలేదు. మీలో ఎవరికైనా డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, తరవాత నాకూ చెప్పండి. మా పేరు చూసి నమ్మి మీరు అక్కడికి వెళ్ళారు, ఆ బాధ్యత నాది.

మృగశిర వచ్చేసింది. బీర, సొర, కాకర, గోంగూర కొత్త ప్యాకెట్లు శనివారం పొద్దున్నే కౌంటర్ మీద ఉంటాయి. పాత అడ్రస్ ఉన్న ప్యాకెట్లు కొట్టులో ఇంకా మూడు అట్టపెట్టెలు ఉన్నాయి, వాటి మీద స్టిక్కర్లు అతికిస్తున్నాం. మీ ఇంట్లో ఉన్నవాటి మీద కింది వరసను పెన్నుతో కొట్టేయండి. లేదా ఇటువైపు వచ్చినప్పుడు తీసుకురండి, స్టిక్కర్ వేసి ఇస్తాం.