తిప్పాల్సిన గుడ్డు, తిప్పకూడని గుడ్డు

తిరువాన్మియూరు, చెన్నై
మార్చి 9

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం మంగళవారం అందింది. ఇక్కడ అందరం క్షేమం. 60 నాటుకోడి గుడ్లు ఇంక్యుబేటర్‌లో పెడితే 19 పిల్లలే అయ్యాయని రాశావు. చదివి ఆ రోజంతా మనసు బాగోలేదురా. లోను తీసుకుని మొదలుపెట్టావు, నీకెంత టెన్షన్‌గా ఉంటుందో నాకు తెలుసు. మిషన్ మంచిది కాదేమోనని అన్నావు గానీ, నాకు వేరే అనుమానం ఉంది. కాస్త ఓపిగ్గా చదువు.

మిగిలిన గుడ్లు పారెయ్యకుండా పగలగొట్టి చూశావు చూడు, అది మంచి పని. చాలా వాటిలో పచ్చసొన మీద ఎర్రటి గీత ఉంగరంలా ఉందని రాశావు. డిగ్రీలో మనం గీసిన కోడిపిండం బొమ్మలు గుర్తున్నాయా? 18 గంటల స్లైడు, 24 గంటలది, 33 గంటలది, 48 గంటలది. పొదగడం మొదలైన 18 గంటలకి ఒక గీత తప్ప ఏమీ కనిపించదు. నువ్వు దాన్ని గీసి, ‘ఇందులో కోడి ఎక్కడుంది సార్?’ అని అడిగావు. 33 గంటల దగ్గరికి వచ్చేసరికి గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. వెన్నుపాము ఇంకా చివరిదాకా గొట్టంలా మూసుకోనే లేదు, కాళ్లూ రెక్కల జాడే లేదు, గుండె మాత్రం పని మొదలుపెట్టేస్తుంది. రెండో రోజుకి రక్తనాళాలు పచ్చసొన మీద వలలా పరుచుకుంటాయి. ఆ వల అల్లుకున్న తర్వాత పిండం చనిపోతే, రక్తం అంచుకి చేరి ఉంగరంలా మిగిలిపోతుంది. అంటే నీ గుడ్లకి పుంజు తగల్లేదని కాదు. అవి బతికి, గుండె కూడా కొట్టుకుని, రెండు నుంచి నాలుగు రోజుల మధ్య పోయాయి. రెండువేల మూడొందల ఏళ్ల కిందట అరిస్టాటిల్ రోజుకో గుడ్డు పగలగొట్టి చూస్తూ, మూడో రోజు తెల్లసొనలో ఎగిరెగిరి పడే రక్తపు చుక్కని చూశాడు. నువ్వు చూసింది ఆ చుక్క ఆగిపోయిన గుడ్లనిరా.

ఎందుకు ఆగిపోయిందన్నదే నా అనుమానం. గుడ్డు కోడి కడుపులోనే ఒక రోజు గడుపుతుంది, ఆ రోజులోనే విభజన మొదలవుతుంది. అది నేల మీద పడేసరికి పచ్చసొన మీదున్న ఆ తెల్లటి చుక్కలో పదుల వేల కణాలుంటాయి. బయటి చల్లదనం తగలగానే అక్కడే ఆగిపోతుంది. అందుకే పెట్ట పది పన్నెండు రోజుల పాటు గుడ్లు పెట్టి తర్వాత పొదిగినా, ముందు పెట్టినదీ వెనక పెట్టినదీ 21వ రోజుకి దాదాపు కలిసే పిల్లలవుతాయి. అయితే పూర్తిగా ఆగాలంటే 20 డిగ్రీల లోపు చల్లదనం కావాలి. మిషన్‌లో పెట్టేదాకా గుడ్లు నిలవ ఉంచిన నీ రేకుల షెడ్డులో మధ్యాహ్నం ఎంతుంటుందో నీకే తెలుసు. అంత వేడిలో పిండం అటు నిద్రపోదు, ఇటు సరిగ్గా పెరగదు. పది రోజులు అలా నలిగిపోయి, మిషన్‌లోకి వెళ్లాక ఓపిక లేక పోతుంది. మీ నాయనమ్మ గుడ్ల బుట్టని నీళ్లకుండల పక్కన చీకట్లో ఇసక మీద పెట్టేది, మనం ముట్టుకుంటే అరిచేది. నాకు అప్పట్లో అది ఛాదస్తంలా అనిపించేది. ఇప్పుడు ఆవిడ మీద ఎంత గౌరవం కలుగుతోందో చెప్పలేను.

ఇదంతా నా బుర్రలో ఇంత గట్టిగా తిరగడానికి కారణం శనివారం రాత్రి. నీలాంగరై నుంచి బీసెంట్ నగర్ దాకా ఏడు కిలోమీటర్లు తాబేళ్ల కోసం నడిచేవాళ్లతో నేనూ వెళ్లాను. ఇక్కడ విద్యార్థులు 1988 నుంచి ఒక సంఘంగా ఏర్పడి ప్రతి ఏటా ఈ పని చేస్తున్నారు. ఒంటిగంట దాటాక ఇసకలో ట్రాక్టరు టైరు నడిచినట్టు జాడ కనిపించింది. ఆలివ్ రిడ్లే తాబేలు అప్పటికే సముద్రంలోకి వెళ్లిపోయింది. ఒకబ్బాయి కర్రతో గుచ్చి మెత్తటి చోటు పట్టుకున్నాడు. చేతులతో తవ్వితే ఒకటిన్నర అడుగుల లోతున గుడ్లు. పింగ్‌పాంగ్ బంతుల్లా గుండ్రంగా, పెంకు మెత్తగా, వెచ్చగా. నేనే లెక్కపెట్టాను, 112. కుక్కలు తవ్వెయ్యకుండా వాటిని కంచె వేసిన చోట, అంతే లోతు గొయ్యి తీసి మళ్లీ పాతిపెట్టాలి. అది కూడా ఆ రాత్రే, రెండు మూడు గంటల్లోపు. ‘అన్నా, దొర్లించొద్దు, ఎలా ఉంటే అలాగే ఎత్తండి’ అన్నాడా అబ్బాయి. నా చేతులు వణికాయి.

తాబేలు గుడ్డు కూడా ఆగుతుందిరా, కాకపోతే తల్లి కడుపులోనే. అక్కడ ఆక్సిజన్ చాలా తక్కువ, ఆ కొరతే పిండాన్ని నిలబెడుతుంది. ఒడ్డు అనుకూలంగా లేకపోతే తల్లి రోజుల తరబడి గుడ్లని అలాగే మోయగలదు. పెట్టగానే గాలి తగులుతుంది, కొన్ని గంటల్లో పెరుగుదల మళ్లీ మొదలవుతుంది. పిండం పైకి తేలి పెంకు లోపలి పొరకి అతుక్కుంటుంది, అక్కడ పెంకు మీద తెల్లటి మచ్చ కనిపిస్తుంది. ఆ తర్వాత గుడ్డుని దొర్లిస్తే ఆ పొరలు చిరిగి పిండం చచ్చిపోతుంది. కోడిగుడ్డుది సరిగ్గా దీనికి ఎదురు. పచ్చసొనని రెండువైపులా పట్టి ఉంచే మెలికల తాళ్లు కోడిగుడ్డులో ఉంటాయి, తాబేలు గుడ్డులో ఉండవు. పెట్ట రోజుకి ఎన్నోసార్లు గుడ్లని ముక్కుతో తిప్పుతుంది. తిప్పకపోతే ఆ పిండం పొరకి అతుక్కుని చచ్చిపోతుంది. మొదటి రోజుల్లో ఈ రెండు పిండాలనీ పక్కపక్కన పెడితే పోల్చుకోవడమే కష్టం. పిండాల మీద పరిశోధన చేసిన ఫాన్ బేర్ అనే ఆయన సీసాలకి చీటీలు అంటించడం మర్చిపోయి, లోపలున్న పిండాలు బల్లులవో పక్షులవో పాలిచ్చే జంతువులవో చెప్పలేకపోతున్నానని 1828లో రాశాడు. అంత ఒకేలా ఉన్న రెండిట్లో, ఒకదాన్ని బతికించేది ఇంకోదాన్ని చంపుతుంది. ఆ రాత్రి ఇంటికి వచ్చి పడుకున్నా నాకు నిద్ర పట్టలేదు.

ఇక నీ సంగతి. ఈసారి గుడ్లు ఐదారు రోజులకి మించి నిలవ ఉంచకు. షెడ్డులో వద్దు, ఇంట్లో అన్నిటికంటే చల్లటి గదిలో పెట్టు. పెంకు మీద పెన్సిలుతో ఒకవైపు ఇంటూ, ఇంకోవైపు సున్నా గీసుకుని రోజుకి ఐదుసార్లు తిప్పు. ఐదు ఎందుకంటే, బేసి సంఖ్య అయితే రాత్రంతా ఒకే వైపు పడి ఉండే బాధ ప్రతిరోజూ అదే వైపుకి రాదు. 18వ రోజు నుంచి తిప్పడం మానెయ్. ఏడో రోజు చీకట్లో టార్చిలైటు మీద పెట్టి చూడు. సాలెగూడులా నాళాలు కనిపిస్తే నాకు వెంటనే ఫోన్ చెయ్, అర్ధరాత్రయినా సరే.

మేం పాతిపెట్టిన గూడు ఏప్రిల్ చివర్లో పిల్లలవుతుంది. చెల్లెమ్మనీ పిల్లల్నీ తీసుకుని అప్పటికి రా. బుట్టలో 112 లేకపోయినా, ఎన్ని ఉంటే అన్ని, సాయంత్రం నీళ్ల దాకా అవి నడుస్తుంటే పక్కన నువ్వుండాలని నాకుంది.

నీ
రవి