లెస్టర్ నుంచి అమ్మకు

అమ్మా,

ఇక్కడ అందరం క్షేమం. ఆయన ఉద్యోగం, నా ఉద్యోగం మామూలే. ఫోనులో నీ గొంతు వింటే ఏడుపొస్తుంది, అందుకే రాస్తున్నాను.

తుంటి నొప్పి అలాగే ఉంది. ఇక్కడ మనంతట మనం ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లలేం. జీపీ, అంటే మన పేరు నమోదైన పేట డాక్టరు, చూసి రాస్తేనే ఆసుపత్రి జాబితాలో పేరు ఎక్కుతుంది. 18 వారాల్లో చికిత్స మొదలవ్వాలని నియమం. కానీ 2023లో ఇంగ్లండు మొత్తం జాబితా 77 లక్షలకు చేరింది. నా ఆపరేషనుకు ఒకసారి తేదీ ఇచ్చారు, తర్వాత వాయిదా వేస్తున్నామని మరో కాగితం వచ్చింది. ఆ కాగితం చూసిన రోజు అన్నం సయించలేదు.

మెట్లెక్కలేక కింద హాల్లోనే పడుకుంటున్నాను. రాత్రి పక్కకు తిరిగితే మెలకువ వచ్చేస్తుంది. వంగలేను కదా, బడికి వెళ్లేముందు చిన్నాడే నాకు మేజోళ్లు తొడుగుతాడు. వాడికి విసుగు లేదమ్మా, నాకే మనసు చివుక్కుమంటుంది. నడక తగ్గితే కండ బలం పోతుందని వ్యాయామం చేయించే అమ్మాయి హెచ్చరించింది. ఆదివారం గుడికి వెళ్లడం మానేశాను. నంబరు కనపడని ఫోను మోగితే చాలు, ఆసుపత్రేమోనని గుండె దడ.

పెళ్లికి టిక్కెట్టు కొననిది ఇందుకే. అన్నయ్యతో నువ్వే చెప్పు. నేను అక్కడుండగా తేదీ వస్తే, వెళ్లలేదని పేరు తీసేసి మళ్లీ జీపీకే పంపవచ్చు. అంతా మొదటికొస్తుంది. మేనకోడలి పెళ్లి మీద నాకు ప్రేమ లేదని మాత్రం ఎవరూ అనకూడదు.

గుంటూరులో అయితే పొద్దున చూపించుకుంటే సాయంత్రానికి ఎక్స్‌రే చేతికొస్తుందన్నావు, నిజమే. బాబాయి ఆపరేషనుకు పొలం అమ్మిన సంగతి కూడా నువ్వే చెప్పావు. నాకిక్కడ ఆపరేషనుకు పైసా కట్టక్కర్లేదు. పోయినేడు ఆయనకు గుండెల్లో నొప్పి వస్తే ఆ రాత్రే పరీక్షలన్నీ చేశారు. ప్రాణం మీదికొస్తే ఆపరు. చంపని నొప్పులే వరుసలో నిలబడాలి. అది న్యాయమేనని నాకూ తెలుసు, కానీ తెల్లవారుజామున మూడింటికి ఆ న్యాయం నొప్పి తగ్గించదు.

నీ బీపీ మాత్రలు మానలేదు కదా? నాన్న కంటి పరీక్ష మాత్రం వాయిదా వేయొద్దు. అక్కడ డాక్టరు అందుబాటులో ఉన్నారు, ఈ వారమే తీసుకెళ్లు. పెళ్లి ఫోటోలు అన్నీ పంపమను, నీ పట్టుచీర కనపడేలా తీయించుకో.

నీ పెద్దమ్మాయి