సెలవు దొరకలేదన్నది అబద్ధం, అక్కా

లీడ్స్,
9 నవంబరు 2025

అక్కా,

ఫిబ్రవరి నుంచీ నువ్వు నాతో ముభావంగానే మాట్లాడుతున్నావు. తప్పు నీది కాదు. బుజ్జిని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి తీసుకురావాల్సిన మేనమామ పెళ్ళికే రాలేదు. బాబాయి కొడుకు వచ్చి ఆ బుట్ట పట్టాడు. నలుగురూ నాలుగు రకాలుగా అన్నారని అమ్మ చెప్పింది.

సెలవు దొరకలేదని నీకు చెప్పాను కదా, అది అబద్ధం. మూడు వారాలు ఇచ్చారు. టికెట్ కూడా కొన్నాను. వారం ముందు క్యాన్సిల్ చేశాను. ఫోన్లో ఈ మాట చెబుదామంటే నీ పక్కన ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు, స్పీకరు ఆన్‌లో ఉంటుంది. అందుకే ఉత్తరం.

2023 మార్చిలో మలాశయంలో క్యాన్సర్ అని తేలేనాటికి నాకు 41. అంతకుముందు ఎనిమిది నెలలు రక్తం పడుతుంటే మొలలే అనుకున్నాను. (నువ్వు పంపిన త్రిఫల చూర్ణం డబ్బా ఇంకా వంటింట్లోనే ఉంది, పారేయబుద్ధి కాలేదు.) ఇక్కడ మలపరీక్ష కిట్టు పోస్టులో ఇంటికే పంపిస్తారు గానీ, 50 వస్తేనే. ఇరవై అయిదు రోజులు రేడియేషన్, ఆగస్టులో ఆపరేషన్, మలం పడటానికి పొట్ట మీద బ్యాగు, తర్వాత కీమో. ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు ఎక్కించిన రోజుల్లో ఫ్రిజ్‌లోంచి పాలు తీస్తే వేళ్ళకి కరెంటు కొట్టినట్టుండేది. అవన్నీ ధైర్యంగానే దాటాను. ఏ రోజు ఎక్కడికి రావాలో వాళ్ళే రాసిచ్చేవాళ్ళు, వెళ్ళేవాణ్ణి.

కీమో అయిపోయిన రోజు వార్డులో గంట కొట్టించారు. వీడియోలో మీరంతా చూశారు, అమ్మ దణ్ణం పెట్టుకుంది. మర్నాటి నుంచి నన్ను ఎవరూ ఎక్కడికీ రమ్మనలేదు. అప్పుడు మొదలైంది నాకు అసలు దిగులు.

ఏప్రిల్లో బ్యాగు తీసేసి పేగు కలిపారు. ఇక మామూలు మనిషినైపోయానని మీరు అనుకున్నారు, నేనూ అనుకున్నాను. రోజుకి పది పన్నెండు సార్లు పరుగు. వెళ్ళొచ్చిన అయిదు నిమిషాలకి మళ్ళీ. మలాశయం చాలావరకు తీసేశాక నిలవ ఉంచుకునే చోటు ఉండదు, చుట్టుపక్కల నరాలూ దెబ్బతింటాయి. దీన్ని లార్స్ అంటారని నర్సు చెప్పిన రోజు నాకెంత హాయిగా అనిపించిందో! దానికో పేరుందంటే, ఇలాంటివాళ్ళు ఇంకా ఉన్నారన్నమాటే కదా.

బుజ్జి పెళ్ళికి ముందు ఫంక్షన్ హాలు వీడియో పంపావు, గుర్తుందా? అందరూ పూల డెకరేషన్ చూసుంటారు. నేను టాయిలెట్ ఎక్కడుందో వెతికాను. వెనకవైపు, భోజనాల వరసలు దాటి. పట్టుపంచె కట్టుకుని, బుట్ట పట్టుకుని, సన్నాయి మోగుతుండగా నడుస్తున్నప్పుడు వస్తే? రాత్రంతా అదే సినిమా. అసలు పట్టుకోలేకపోతే, అదీ బుజ్జి చీర పక్కన... ఆ తెల్లారే టికెట్ క్యాన్సిల్ చేశాను.

తర్వాత మంచం దిగలేదు. మీ మరదలే చూసి చూసి, ఇక్కడి ప్రభుత్వ వైద్యంలోనే ఉన్న కౌన్సెలింగ్‌కి నా చేత ఫారం నింపించింది. డాక్టరు చీటీ అక్కర్లేదు, మనమే అడగొచ్చు. తొమ్మిది ప్రశ్నలు, గడిచిన రెండు వారాల్లో ఎలా ఉన్నావని. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు. ఇంటర్లో కూడా నేనంత నిజాయితీగా పరీక్ష రాయలేదు. 27కి 17 వచ్చాయి. ఇందులో మార్కులు ఎక్కువ వస్తే మంచిది కాదు, అక్కా.

ఫోన్లో మాట్లాడే ఆవిడ, నీకు కలిగేదాన్ని మీ భాషలో ఏమంటారని అడిగింది. బెంగ అన్నాను. ఎవరి మీద అంది. నా పాత ఒంటి మీద అనేసి, నాకే తెలియకుండా ఏడ్చాను.

ఇప్పుడు నయమే. టాయిలెట్ పరుగు రోజుకి నాలుగయిదుకి వచ్చింది. దివ్యాంగుల టాయిలెట్లు తెరిచే తాళంచెవి జేబులో ఉంటే బజారుకి వెళ్తున్నాను. రక్తపరీక్ష, స్కాన్ దగ్గరపడితే మాత్రం వారం ముందు నుంచే నిద్ర ఉండదు. అప్పుడు నువ్వు ప్రేమగా, "తగ్గిపోయింది కదా, ఇంకా ఎందుకురా టెన్షన్" అంటావు. ఆ మాట వింటే నాకు నోరు పడిపోతుంది. దాని బదులు ఏం తిన్నావని అడుగు, చాలు.

మన వీధి చివరి మాస్టారికి బ్యాగు పెట్టినప్పటి నుంచి గుమ్మం దాటట్లేదని, ఆయనకేం లోటని అన్నావు. బావగారిని ఒకసారి వెళ్ళి ఊరికే కూర్చుని రమ్మను. 14416కి, అదే మనసు బాగాలేనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్‌కి, ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారని చెప్పమను. డబ్బు కట్టక్కర్లేదు.

నీకు 46. తోడబుట్టినవాడికి ఈ వయసులో వచ్చిందంటే నువ్వు కొలనోస్కోపీ, అదే గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష, చేయించుకోవాల్సిందే. మొహమాటపడి వాయిదా వెయ్యకు.

సంక్రాంతికి వస్తున్నాను. హైదరాబాద్ నుంచి తెనాలికి రైల్లో తలుపు దగ్గరి బెర్తు చూడమని బావగారికి చెప్పు. నాకు పెరుగన్నం, అరటిపండు చాలు, గోంగూర చేసి నా ఎదురుగా పెట్టకు. వెనక వసారాలో బాత్రూం గడియ ఊడిపోయిందని అమ్మ అంది, నేను వచ్చేలోగా అది బాగుచేయించు.

నీ తమ్ముడు