హంగుల లెక్క వేరు, నడక లెక్క వేరు

సంపాదకుల వారికి నమస్కారములు.

స్పోర్ట్స్ కారు కొనదలచినవారు బేస్ మోడల్‌తో సరిపెట్టుకోవాలా, మరికొంత సొమ్ము చేర్చి పై వేరియంట్‌కు వెళ్లాలా అన్న ప్రశ్నకు వాహనాల పేజీలలో ఏళ్ల తరబడి రెండే సమాధానాలు చదువుతున్నాను. ఎలాగూ అంత ఖర్చు పెడుతున్నారు కనుక అన్ని హంగులూ ఉన్నదే తీసుకోమని కొందరు రాస్తారు. ఏ హంగూ లేని బేస్ మోడల్‌లోనే అసలైన నడక ఉంటుందని మరికొందరు రాస్తారు. ఈ రెండింటిలో ఏ సలహాను గుడ్డిగా నమ్మినా కొనుగోలుదారు నష్టపోయే అవకాశం ఉంది. అటువంటి నష్టం నాకే జరిగింది కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

పై వేరియంట్ అన్న ఒక్క పేరు కింద కంపెనీలు రెండు రకాల సరుకును కలిపి అమ్ముతాయి. తోలు సీట్లు, పెద్ద తెర, ఎక్కువ స్పీకర్లు, సన్‌రూఫ్ వంటివి ఒక రకం. లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఇంజిన్ బలాన్ని పట్టున్న చక్రానికి ఎక్కువగా చేర్చే భాగం), పెద్ద బ్రేకులు, మెరుగైన సస్పెన్షన్, అదనపు కూలింగ్ వంటివి మరో రకం. మొదటి రకానికి చెందినవి లేకపోయినా కారు నడకకు వచ్చే లోటేమీ లేదు, కావాలనుకుంటే వాటిలో కొన్నింటిని తర్వాత బిగించుకోవచ్చు కూడా. రెండో రకంలో ఉన్నవాటిని మాత్రం కారు ఇంటికి వచ్చాక అమర్చుకోవడం చాలా కష్టం. అందువల్ల వేరియంట్ల పట్టిక చేతికి రాగానే ఒక్కో అంశం పక్కనా ఇది తర్వాత దొరుకుతుందా, దొరకదా అని పెన్సిలుతో గుర్తు పెట్టుకోవడం మంచిదని నా అనుభవం.

ఈ రెండింటినీ నిజాయితీగా విడదీసి అమ్మిన ఉదాహరణలు లేకపోలేదు. అమెరికాలో 2020 మోడల్‌గా వచ్చిన ఎనిమిదో తరం షెవర్లే కార్వెట్‌కు 1ఎల్‌టీ, 2ఎల్‌టీ, 3ఎల్‌టీ అని మూడు ట్రిమ్‌లు, అంటే వేరియంట్లు, పెట్టారు. మూడింటిలోనూ అదే 6.2 లీటర్ల వీ8 ఇంజిన్, అదే 490 హార్స్‌పవర్. ఎల్‌టీ ముందున్న అంకె పెరిగేకొద్దీ మారేది తోలు, స్పీకర్లు, అద్దం మీద వేగం చూపే తెర వంటి లోపలి సదుపాయాలే. నడకకు సంబంధించిన పెద్ద బ్రేకులు, అదనపు రేడియేటర్, ఎలక్ట్రానిక్ డిఫరెన్షియల్, పట్టు ఎక్కువగా ఉండే వేసవి టైర్లు జడ్51 అనే వేరే ప్యాకేజీలో ఉంటాయి, దానిని అన్నిటికంటే చవకైన 1ఎల్‌టీకి కూడా జతచేసుకోవచ్చు. కారును నడపడానికే కొనేవారికి ఇంత సూటి అయిన పద్ధతి మరొకటి లేదు. సీటు మీద తోలు వద్దు, ఇరుసు మధ్య మంచి డిఫరెన్షియల్ కావాలి అనుకునే మనిషి సరిగ్గా దానికే డబ్బు కడతాడు.

అదే అమెరికా మార్కెట్‌లో 2023 మోడల్‌గా వచ్చిన నిస్సాన్ జెడ్‌ను చూడండి. స్పోర్ట్, పెర్ఫార్మెన్స్ అనే రెండు ట్రిమ్‌లకూ రెండు టర్బోలున్న 3 లీటర్ల వీ6 ఇంజినే, 400 హార్స్‌పవరే. కాగితం మీద శక్తి సమానం కనుక బేస్ మోడల్ తెలివైన ఎంపిక అనిపిస్తుంది. అయితే మెకానికల్ లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్, పెద్ద బ్రేకులు పెర్ఫార్మెన్స్‌కే పరిమితం. వెనుక చక్రాలకు అంత శక్తిని పంపే కారులో ఆ డిఫరెన్షియల్ లేకపోవడం చిన్న విషయం కాదు. ఇక్కడ మాత్రం ఎక్కువ ధర పెట్టమనే నా సలహా, పెట్టలేని పరిస్థితి ఉంటే కొన్నాళ్లు ఆగమనే నా సలహా.

ఆ భాగం చేసే పని ఏమిటో కొంచెం వివరంగా రాయడం అవసరం, ఎందుకంటే ప్రకటనలలో దాని పేరు ఎక్కడో చివరన చిన్న అక్షరాలలో ఉంటుంది. మలుపులో లోపలి చక్రం తక్కువ దూరం, బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి. ఆ తేడాకు వీలు కల్పించేదే డిఫరెన్షియల్. సాధారణ డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ సమానమైన తిప్పుడు బలాన్నే పంపగలదు. మలుపు నుంచి బయటపడుతూ యాక్సిలరేటర్ నొక్కినప్పుడు కారు బరువు బయటివైపుకు వాలి, లోపలి చక్రం మీద ఒత్తిడి తగ్గి, అది పట్టు కోల్పోయి ఊరికే తిరుగుతుంది. తేలికగా తిరిగే ఆ చక్రానికి ఎంత బలం చాలునో, పట్టున్న రెండో చక్రానికీ అంతే చేరుతుంది, ఇంజిన్ ఎంత గట్టిదైనా సరే. లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఈ రెండు చక్రాలనూ కొంతమేరకు ఒకదానితో ఒకటి ముడివేసి, పట్టున్న చక్రానికి ఎక్కువ బలం చేరేలా చేస్తుంది. అది లేని కార్లలో తిరుగుతున్న చక్రానికి బ్రేకు వేసి కంప్యూటర్ పరిస్థితిని కాపాడుతుంది. రోజువారీ ప్రయాణానికి అది చాలు, కానీ పదేపదే అలా చేస్తే బ్రేకులు వేడెక్కుతాయి, పైగా ఇంజిన్ ఇచ్చిన శక్తిని బ్రేకు తినేస్తుంది.

నేను మోసపోయింది సరిగ్గా ఈ భాగం దగ్గరే. కొన్నేళ్ల క్రితం వెనుక చక్రాలతో నడిచే ఒక చిన్న రెండు సీట్ల కారు కొన్నాను. దానికి బేస్ మోడల్ పైన రెండు మెట్లు ఉండేవి. ఒకటి సుఖాల మెట్టు, మరొకటి డ్రైవింగ్ మెట్టు, ధరలో రెంటికీ పెద్ద తేడా లేదు. షోరూమ్‌లో టెస్ట్ డ్రైవ్‌కు పెట్టింది సుఖాల మెట్టు ఒక్కటే. డిఫరెన్షియల్ గురించి అడిగితే, "అది తర్వాత ఎప్పుడైనా వేయించుకోవచ్చు సార్, ముందు ఇది తీసుకోండి" అన్నారు. ఆ మాట నమ్మాను. ఏడాది తర్వాత వర్క్‌షాపులో విచారిస్తే, వెనుక ఇరుసు మొత్తం దించి విప్పాలని, అలా విప్పితే ఆ భాగాలకు వారంటీ వర్తించదని, భాగం ధర, కూలీ కలిపితే రెండు వేరియంట్ల మధ్య తేడా కంటే చాలా ఎక్కువ అవుతుందని లెక్క చూపించారు. తోలు వాసన కొత్తగా ఉన్నంతకాలం బాగానే ఉంది, తడి రోడ్డు మీద మలుపు తిరిగిన ప్రతిసారీ లోపలి చక్రం గిర్రున తిరగడం మాత్రం ఆ కారు అమ్మేవరకూ తప్పలేదు. ఆ ఉద్యోగి కావాలని అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు, ఆయనకు నేర్పినవే హంగులు. అయినా ఆ బాధ నాకు ఇంకా పోలేదు.

చక్రాల విషయంలో నా అభిప్రాయం దీనికి పూర్తిగా వ్యతిరేకం. పై వేరియంట్‌కు అంగుళమో, రెండంగుళాలో పెద్ద చక్రాలు రావడం ఆనవాయితీ, కంటికి అవి బాగుంటాయి కూడా. కానీ అదే డిజైన్‌లో పెద్ద చక్రం సాధారణంగా బరువెక్కువ, స్ప్రింగుల కింద ఉండే ఆ బరువు పెరిగితే గతుకుల మీద టైరు రోడ్డును అంటిపెట్టుకుని ఉండటం కష్టమవుతుంది. టైరు పక్క గోడ సన్నబడటం వల్ల గుంతలో పడితే రిమ్ము వంగే ప్రమాదమూ పెరుగుతుంది. టైర్లు మార్చిన ప్రతిసారీ ఖర్చూ పెరుగుతుంది. టొయోటా 86 కారుకు రెండో తరమైన జీఆర్86 దీనికి చక్కని ఉదాహరణ. అమెరికాలో దాని బేస్ మోడల్‌కు 17 అంగుళాల చక్రాలు, సాధారణ తరహా మిషెలిన్ ప్రైమసీ టైర్లు వచ్చేవి. ప్రీమియం ట్రిమ్‌కు 18 అంగుళాల చక్రాలు, పైలట్ స్పోర్ట్ 4 టైర్లు వచ్చేవి. 2.4 లీటర్ల ఇంజిన్, 228 హార్స్‌పవర్, టోర్సెన్ రకం లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ రెండింటిలోనూ ఒకటే. అంటే యంత్రంలో తేడా లేదు, టైరులోనే తేడా, ఆ టైరు ఎలాగూ అరిగిపోయేదే. ప్రైమసీ టైరుకు పట్టు తక్కువ కనుక తక్కువ వేగంలోనే కారు మెల్లగా జారడం మొదలై, నడిపేవారికి దాన్ని అదుపు చేయడం నేర్చుకునే అవకాశం కలుగుతుంది. ఆ టైర్లు అరిగాక మంచివి వేయించుకుంటే సరిపోతుంది. ఇటువంటి కారుకు పై ట్రిమ్ కొనమని నేను ఎవరికీ చెప్పను.

బ్రేకుల సంగతి ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. వేగం రెట్టింపయితే బ్రేకులు వేడిగా మార్చవలసిన శక్తి నాలుగు రెట్లవుతుంది, అందుకే రేసు ట్రాక్ మీద చిన్న డిస్కులు త్వరగా అలసిపోతాయి. కానీ మామూలు రోడ్డు మీద ఒక్కసారి గట్టిగా ఆగడానికి అసలు పరిమితి టైరు పట్టే, బేస్ మోడల్ బ్రేకులు ఆ మాత్రం పని నిస్సందేహంగా చేస్తాయి. ఏడాదికి ఒకటి రెండుసార్లు ట్రాక్‌కు వెళ్లేవారు మెరుగైన ప్యాడ్లు, ఎక్కువ వేడికి మరిగే కొత్త బ్రేకు ఆయిల్ వేయించుకుంటే చాలావరకు సరిపోతుంది. నెలనెలా వెళ్లేవారికి మాత్రం కంపెనీ అమర్చిన పెద్ద బ్రేకులే మేలు.

ఇంజిన్ శక్తి కోసమే పై మెట్టు ఎక్కేవారు పోర్షే కథ గమనించాలి. 992 తరం 911 కరేరా తొలి రూపంలో 385 పీఎస్ (హార్స్‌పవర్‌కు దాదాపు సమానమైన కొలత) శక్తి ఉంటే, అదే 3 లీటర్ల ఇంజిన్ నుంచి కరేరా ఎస్‌లో 450 పీఎస్ తీశారు. గంటకు 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి మొదటిదానికి 4.2 సెకన్లు, రెండోదానికి 3.7 సెకన్లు. ఈ అర సెకను కోసం పెట్టే అదనపు సొమ్ము ప్రజలు తిరిగే రోడ్డు మీద ఎక్కడ ఖర్చవుతుందో నాకు అర్థం కాలేదు. 4.2 సెకన్ల కారునే పూర్తిగా వాడుకునే చోటు అరుదు. 2022లో ఆ కంపెనీయే కరేరా టీ అనే మోడల్ ప్రకటించి, బేస్ ఇంజిన్‌కే ఏడు గేర్ల మాన్యువల్ బాక్సును, లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్‌ను, 10 మిల్లీమీటర్లు కిందికి దించిన సస్పెన్షన్‌ను జతచేసింది. సౌండ్ ఇన్సులేషన్ తగ్గించి, పల్చని గాజు వాడి, వెనుక సీట్లు తీసేసి బరువు తగ్గించింది. శక్తి పెంచకుండా నడకను మెరుగుపరచిన మోడల్‌కు కూడా గిరాకీ ఉంటుందని తయారీదారుకు తెలుసునన్నమాట.

సుఖాలను నేను తీసిపారేయడం లేదు. ఇదే కారులో రోజూ పనికి వెళ్లేవారికి, నడుము నొప్పి ఉన్నవారికి సీటు అన్నిటికంటే ముఖ్యం, దాన్ని తర్వాత మార్చడం సీటులోని ఎయిర్‌బ్యాగ్ వల్ల అంత తేలిక కాదు. నడుము దగ్గర ఆనిక సర్దుకునే వీలు పై వేరియంట్‌లోనే ఉంటే దానికి పెట్టే డబ్బు వృథా కాదు. సన్‌రూఫ్‌ను మాత్రం నేను సమర్థించలేను. కారులో అన్నిటికంటే ఎత్తైన చోట బరువు చేరుస్తుంది, తలకూ పైకప్పుకూ మధ్య ఉండే కాస్త చోటునూ తగ్గిస్తుంది. ట్రాక్ మీద హెల్మెట్ పెట్టుకుని కూర్చుంటే ఆ లోటు వెంటనే తెలుస్తుంది.

సంపాదకుల వారికి నా విన్నపం ఒక్కటే. మీ వాహనాల పేజీలో స్పోర్ట్స్ కార్ల వేరియంట్లను పోల్చినప్పుడు తెర ఎన్ని అంగుళాలు, స్పీకర్లు ఎన్ని అన్న వివరాలకు ముందు డిఫరెన్షియల్ ఏ రకం, బ్రేకు డిస్కుల కొలత ఎంత, డ్యాంపర్లు (సస్పెన్షన్‌లో ఊగిసలాటను అణిచే భాగాలు) మారాయా, మాన్యువల్ గేర్లు ఏ వేరియంట్‌లో దొరుకుతాయి, వీటిలో దేనిని విడిగా తీసుకోవచ్చు అన్న వివరాలు ఇవ్వండి. పరీక్షకు కంపెనీలు పంపేది సాధారణంగా పూర్తి హంగులున్న కారే అయినా, నడిపింది ఏ వేరియంట్‌నో, ఏ టైర్ల మీదో సమీక్ష మొదటి పేరాలోనే రాయండి. ఆ సమీక్ష చదివి బేస్ మోడల్‌కు బయానా ఇచ్చే పాఠకుడికి తాను కొంటున్న కారు, మీరు నడిపిన కారు ఒకటి కావని ముందే తెలియాలి.

భవదీయుడు,
ఒక పాఠకుడు